బొంగరం లేవని పేజీ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: పిన్ని, బాబాయి, బాబాయి వాళ్ళమ్మ, బొంగరం, నేను. మధ్యాహ్నం తర్వాత కళ్ళజోడావిడ కూడా. బాబాయికి ఆ రోజు సెలవు కాదు. అయినా పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోనే తచ్చాడుతున్నాడు. నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

బొంగరం పిన్ని కూతురు. ఈ మధ్యే బళ్ళో వేశారు. ఒక్కచోట నిలవదు కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే వీధి గుమ్మం దాకా వెళ్ళిపోతుంది. ఒక కాలికి చెప్పు వేసుకున్నాక రెండో కాలు ఉన్న సంగతి మరిచిపోతుంది. టీచరు మాట మొదలు వింటే చివర వినదు, చివర వింటే మొదలు వినదు. డాక్టరమ్మ చూసి, పిల్ల చురుకైనదే, ధ్యాసే నిలవదు, కోప్పడితే నిలిచేది కాదు అని చెప్పిందట. అప్పటి నుంచి పిన్ని దానికోసం పుస్తకాలు తయారు చేస్తోంది.

మా ఊళ్ళో బడి అయిపోయాక పై చదువు కోసం నేను పిన్ని ఇంటికి వచ్చాను. వచ్చిన కొత్తలో ఆ పుస్తకాలు చూసి నవ్వొచ్చింది. పేజీకి ఒకే ఒక్క వాక్యం, ఒకే ఒక్క బొమ్మ, చుట్టూ బోలెడంత ఖాళీ. కానీ ప్రతి పేజీలో వేలికి ఏదో ఒక పని ఉంటుంది. దూర్చడానికి ఒక కన్నమో, తెరవడానికి చిన్న తలుపో, లాగితే జరిగే పట్టీయో. బాబాయి బైండింగ్ షాపులో పని చేస్తాడు. మిగిలిపోయిన దళసరి అట్టలు తెచ్చి, గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా కోసి పెడతాడు. పేజీల్ని కుట్టడు, ఇనప రింగులు వేస్తాడు. ఎందుకంటే పిన్ని పుస్తకంలో ఏ పేజీ ఎప్పుడు ఊడాల్సి వస్తుందో ఎవరికీ తెలియదు.

ముందు గదిలో ఒక చిన్న ఎర్ర కుర్చీ ఉంది. కొత్త పుస్తకం తయారవగానే బొంగరాన్ని దాని మీద కూర్చోబెట్టి పిన్ని చదివి వినిపిస్తుంది. కదలకు అనదు, లేవకు అనదు. ఏ పేజీ దగ్గర అది లేచి పరిగెత్తిందో ఆ పేజీ రింగు విప్పి తీసేస్తుంది. దాని బదులు మళ్ళీ కొత్తది గీస్తుంది. ఎంత కష్టపడి గీసిన బొమ్మయినా సరే, జాలి లేదు.

"తప్పు పిల్లది కాదు, పేజీది," అనేది.

ఆ మాట విన్నాక నవ్వడం మానేశాను. మా బళ్ళో తప్పు ఎప్పుడూ పిల్లలదే.

ఈసారి పుస్తకం ఒక గుండీ కథ. చొక్కా నుంచి తెగిన గుండీ మంచం కిందికి, చీపురు పక్కకి, బూటు లోపలికి దొర్లుతూ పోతుంది. ప్రతి పేజీలోనూ దాన్ని వేలితో వెతికి పట్టుకోవాలి. బొంగరం ఆ పుస్తకం మీద పడి చచ్చేది. పుస్తకాల సంస్థ నుంచి వచ్చిన కళ్ళజోడావిడకీ నచ్చింది. అచ్చు వేస్తామంది. కానీ చివర్లో ఒక పేజీ కలపమంది: 'ఒక్కచోట ఓపికగా కూర్చున్న గుండీనే అందరూ మెచ్చుకుంటారు.' పుస్తకం చదివేది పిల్లలే అయినా కొనేది పెద్దవాళ్ళు కదా, వాళ్ళకి ఆ పేజీ కావాలట. ఇంట్లో దానికి సుద్దుల పేజీ అని పేరు పడిపోయింది.

పిన్ని ఆ పేజీ గీసింది. బొంగరం లేచిపోయింది. రంగులు మార్చి గీసింది. లేచిపోయింది. తలుపు పెట్టింది, తలుపు తీసి మరీ లేచిపోయింది. చివరికి చిన్న అద్దం ముక్కలాంటి మెరుపు కాగితం అంటించింది.

"అద్దంలో మొహం చూసుకుని, జుట్టు సవరించుకుని మరీ పోయిందే నీ కూతురు," అని నాయనమ్మ పడీపడీ నవ్వింది. బాబాయి వాళ్ళమ్మని నేనూ బొంగరంలాగే నాయనమ్మా అంటాను.

పిన్ని నవ్వలేదు. తన పద్ధతి ప్రకారమైతే ఆ పేజీ తీసేయాలి. తీసేస్తే సంస్థ వాళ్ళకి పుస్తకం అక్కర్లేదు. పాప పుస్తకం మొత్తం కూర్చుని వినడం కళ్ళారా చూస్తానని, ఆ పైనే మాట ఖాయమని కళ్ళజోడావిడ కబురు చేసింది. ఆవిడ వచ్చేది ఆ రోజే.

పొద్దున్న నేను లేచేసరికి బొంగరం అప్పటికే ఎర్ర కుర్చీలో కూర్చుని ఉంది. ఒక్కతే. చేతిలో ఏమీ లేదు. మామూలుగా ఆ వేళకి అది ఇంట్లో ఏదో ఒకటి పడగొట్టి ఉండాలి. దగ్గరికెళ్ళి నుదురు ముట్టుకున్నాను. వేడి లేదు.

"ఏంటే, ఒంట్లో బాలేదా?"

తల అడ్డంగా ఊపింది. నా గౌను అంచు పట్టుకుంది. నేను వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి వచ్చింది. అదీ నడుస్తూ. బొంగరం నడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఎవరో దీన్ని ఏదో చేశారు అనిపించింది.

ముందు నాయనమ్మని అనుమానించాను. రెండు రోజుల కిందట ఆవిడ అన్న మాట నాకు గుర్తుంది. "ఇంత హైరానా ఎందుకే? ఒక మూత జలుబు మందు పోస్తే సాయంత్రం దాకా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది." అప్పుడు పిన్ని "అత్తయ్యా!" అని గట్టిగా అరిచింది. నాయనమ్మ "హాస్యానికన్నానులే" అంది. హాస్యానికన్న మాటలు ఈ ఇంట్లో చాలానే నిజమయ్యాయి.

అల్మరాలో చూశాను. జలుబు మందు సీసా ఉండే చోట దుమ్ములో గుండ్రటి గుర్తు ఉంది, సీసా లేదు. బొంగరాన్ని పక్కకి తీసుకెళ్ళి నోరు తెరవమన్నాను. వాసన చూస్తే పళ్ళపొడి వాసన తప్ప మరేం లేదు. అయినా మనసొప్పక నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళి దిండు ఎత్తాను. సీసా అక్కడే ఉంది.

"ఏం పిల్లా, నా మందు మీద పడింది కన్ను?"

వెనకే నిలబడి ఉంది. దిండు నా చేతిలోనే ఉండిపోయింది.

"మూత చూడు. సీలు కూడా విప్పలేదు. అక్కడ పెడితే మీ పిన్ని అది రంగు సీసా అనుకుని బ్రష్షు ముంచుతుందని తెచ్చుకున్నా. రాత్రంతా దగ్గుకు చచ్చా, ఎవరైనా ఎలా ఉన్నావని అడిగారా? పైగా సోదాలు!"

"అది కాదు నాయనమ్మా, బొంగరం అలా..."

"నేనూ చూశాలే," అంది గొంతు తగ్గించి. "పొద్దుట్నుంచీ పిల్ల చప్పుడు లేదు. ఇల్లు ఇల్లులా లేదు. కానీ నన్నడక్కు, అమ్మడూ. నేనేమంటే అది అత్తగారి ఆరళ్ళు అవుతుంది."

అంటే ఆవిడకీ ఏదో తెలుసు. లేదా నాలాగే అనుమానం. అడుగుదామనుకునేలోపు దుప్పటి ముసుగు పెట్టేసింది.

తర్వాత బాబాయి. ముందు గదిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎర్ర కుర్చీని తలకిందులు చేసి ఏదో చేస్తున్నాడు. నేను గుమ్మంలో ఆగాను. పట్టీలాంటిదేమైనా బిగిస్తున్నాడా? కారు సీట్లలో చిన్నపిల్లల్ని కట్టేస్తారే, అలాంటిది?

"రా రా, మూగనోమూ," అన్నాడు తలెత్తకుండానే. నేను ఎక్కువగా మాట్లాడనని బాబాయి పెట్టిన పేరు అది. "కుర్చీ కింద ఏం దాచానో చూద్దామనా?"

"లేదు బాబాయ్."

"చూడు, పర్లేదు. అనుమానం పెనుభూతం అన్నారు, తీర్చుకో."

చూశాను. కాళ్ళకి రబ్బరు ముక్కలు బిగించాడు, కిర్రుమనకుండా. అంతే. కానీ బాబాయి నవ్వు నోటి దగ్గరే ఆగిపోయింది.

"షాపుకి ఎందుకెళ్ళలేదు బాబాయ్?"

"మీ పిన్ని ఉండమంది. ఆవిడ వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఉంటే బావుంటుందంది." స్క్రూడ్రైవర్ని అటూ ఇటూ తిప్పాడు. "నాకూ షాపులోనే బావుండేది."

ఇక మిగిలింది పిన్ని. పిన్నిని అనుమానించడానికి నాకు నోరే కాదు, మనసూ రాలేదు. కానీ ఆ రోజు పొద్దుట్నుంచీ ఆమె నా మొహంలోకి చూడలేదు. పని చెప్పేటప్పుడు కూడా గిన్నెలతో చెప్పింది, చీపురుతో చెప్పింది. "కర్టెన్ సరిచేయాలి," అని గోడతో అంది. నేను సరిచేశాను.

కర్టెన్ దగ్గర నుంచి తిరిగేసరికి నా సంచి కనిపించింది. ఊరి నుంచి బట్టలు తెచ్చుకున్న సంచి. ఎప్పుడూ మంచం కింద ఉండేది వీధి తలుపు పక్కన నిలబెట్టి ఉంది. జిప్పు వేసి ఉంది. ఎర్ర కుర్చీలో కూర్చుంటే సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది.

"పిన్నీ, నా సంచి..."

"మంచం కింద ఊడ్చాను. తర్వాత పెడతాలే."

సంచి ఎత్తి చూశాను. బరువుగా ఉంది. అల్మరాలో మడతపెట్టుకున్న నా బట్టలు అందులో ఉన్నాయి. మంచం కింద ఊడ్చడానికి అల్మరాలో బట్టలెందుకు సర్దాలి?

అడగాలనుకున్నాను. ఏమని అడగాలి? నన్ను పంపించేస్తున్నారా అని అడిగితే, అవునంటే? ఈ ఇంట్లో నేను ఉంటున్నది వాళ్ళ దయ మీద. ఫలానా తప్పు చేశానేమోనని ఒక్కొక్కటీ వెతుక్కున్నాను. ఏదీ అంత పెద్దది కాదు. నోరు మూసుకుని సంచిని మళ్ళీ అక్కడే పెట్టాను. బొంగరం నన్నే చూస్తోంది. నేను సంచి ముట్టుకున్నంత సేపూ దాని ఊపిరి ఆగినట్టుంది.

కళ్ళజోడావిడ మంచి మనిషే. పట్టుకొచ్చిన బిస్కెట్ల పొట్లం నాయనమ్మకి ఇచ్చింది, నన్ను ఏం చదువుతున్నావని అడిగింది. నా జవాబు నాకే వినపడలేదు.

"మా అక్క కూతురండీ. నోట్లో నాలుక లేదు," అంది పిన్ని.

"ఈ కాలంలో అదృష్టమేనండీ!" అని ఆవిడ నవ్వి కుర్చీలో సర్దుకుంది. "ఏదీ, మన చిన్న పాఠకురాలు?"

చిన్న పాఠకురాలు ఎప్పుడో కూర్చుని ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

పిన్ని చదవడం మొదలుపెట్టింది. గుండీ తెగింది. మంచం కిందికి దొర్లింది. ఈ పేజీలో బొంగరం వేలు పెట్టి "దొరికిందీ!" అని అరుస్తుంది. ఆ రోజు పిన్నే దాని చెయ్యి బయటికి తీసి వేలు పెట్టించాల్సి వచ్చింది. అరవలేదు. చెయ్యి మళ్ళీ తొడ కిందికి వెళ్ళిపోయింది. చీపురు పేజీ. బూటు పేజీ. బూటు దగ్గర "కంపూ!" అని ముక్కు మూసుకోవడం దానికి అలవాటు. ముక్కు మూసుకోలేదు. అది పుస్తకం చూడటం లేదు. ఒకసారి నన్ను చూస్తోంది, ఒకసారి తలుపు పక్కనున్న సంచిని చూస్తోంది.

సుద్దుల పేజీ వచ్చింది. ఒక్కచోట ఓపికగా కూర్చున్న గుండీనే అందరూ మెచ్చుకుంటారు. బాబాయి గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. నాయనమ్మ దగ్గు ఆపుకుంది. బొంగరం పెదాలు బిగించి కూర్చుంది. మెరుపు కాగితం వైపు కూడా చూడలేదు.

పిన్ని పుస్తకం మూసింది.

"అద్భుతం!" కళ్ళజోడావిడ చప్పట్లు కొట్టింది. "నేను చెప్పానా, ఆ పేజీ ఉండాల్సిందేనని! కాస్త టీ తాగి ఇంకోసారి చదువుదామండీ. ఈసారి ఫోన్‌లో తీసుకుంటాను. రేపు టీచర్లందరి ముందు ఇదే చూపిస్తాను. తర్వాత పాపని కూడా బళ్ళకి తీసుకెళ్దాం. ఎక్కడికెళ్ళినా ఇలాగే కూర్చుంటుందిగా?"

"కూర్చుంటుంది," అంది పిన్ని.

ఆ గొంతు నాకు కొత్తగా వినిపించింది.

టీ పెట్టే వంకతో బొంగరాన్ని వంటింట్లోకి తీసుకొచ్చాను. గుమ్మం దాటగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుని గుసగుసగా అడిగింది.

"అక్కా, ఇప్పుడు లేవొచ్చా? పాస్ వస్తోంది."

"ఎప్పట్నుంచీ వస్తోందే?"

"గుండీ తెగినప్పట్నుంచీ."

బాత్రూంలోకి ఎత్తుకుని పరిగెత్తాను. వచ్చాక మొహం కడిగాను. చేతుల మీద కుర్చీ చెక్కల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి.

"ఎందుకు లేవలేదు మరి? మధ్యలో చెప్పొచ్చుగా?"

"లేస్తే నువ్వు బస్సెక్కి వెళ్ళిపోతావు. సంచి కూడా సర్దేశారుగా."

"ఎవరన్నారు?"

బొంగరానికి అబద్ధాలు రావు. అబద్ధం ఆడాలన్నా కాసేపు ఒకే విషయం గుర్తుంచుకోవాలి కదా.

"అమ్మ. కుర్చీలోంచి లేస్తే అక్క బస్సెక్కుతుంది, కూర్చుంటే ఇక్కడే ఉంటుంది అంది. నేను లేవలేదు కదా? ఒక్కసారీ లేవలేదు. నువ్వు చూశావుగా."

పొయ్యి మీద పాలు పొంగు మీదికొస్తున్నాయి. నేను చూస్తూనే నిలబడ్డాను. పొద్దుట్నుంచీ అల్మరాలు వెతికాను, దిండు ఎత్తాను, కుర్చీ కింద చూశాను. దాన్ని కుర్చీకి కట్టేసిన తాడు నేనేనని తట్టలేదు.

పిన్ని అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అందుకే, ఏదో మాటవరసకి అని ఉంటుందిలే, పిల్లలతో అందరూ అంటూనే ఉంటారు, అని సర్దిచెప్పుకోబోయాను. మాటవరసకి అన్నవాళ్ళు బట్టలు కూడా సర్దుతారా?

కిందికి వంగి దాని మొహం దగ్గర మొహం పెట్టాను.

"విను. నేను ఎక్కడికీ వెళ్ళను. నువ్వు కూర్చున్నా వెళ్ళను, లేచినా వెళ్ళను."

"సుద్దుల పేజీ దగ్గర లేచినా?"

"ఎక్కడ లేచినా."

"ఒట్టు?"

"ఒట్టు."

"పాలు పొంగుతున్నాయి," అంది పిన్ని గొంతు. గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. పొయ్యి కట్టేసి, బొంగరం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అప్పుడూ నా వైపు చూడలేదు.

కళ్ళజోడావిడ ఫోన్ పైకెత్తి పట్టుకుంది. పిన్ని చదివింది. గుండీ తెగింది. బొంగరం కాళ్ళు ఊగడం మొదలైంది. మంచం కింద కన్నంలో వేలు పెట్టి "దొరికిందీ!" అని అరిచింది. బూటు దగ్గర ముక్కు మూసుకుని, కళ్ళజోడావిడ ముక్కు కూడా మూయబోయింది. ఆవిడ ఫోన్ వెనక కిలకిలా నవ్వింది. "ఇంకా బాగుంది, ఇంకా బాగుంది," అంది. నాయనమ్మ దగ్గు మరిచిపోయి ముందుకి జరిగి కూర్చుంది. బాబాయి తలెత్తాడు. గదిలో అందరం అదే పుస్తకాన్ని మొదటిసారి వింటున్నట్టుంది.

సుద్దుల పేజీ వచ్చింది. పిన్ని ఆగింది. తర్వాత మెల్లగా చదివింది.

బొంగరం కుర్చీలోంచి జారి, బల్ల కిందుగా దూరి, కిటికీ దగ్గర తేలింది. కర్టెన్‌లో చుట్టుకుని గిరగిరా తిరిగింది.

"ఇదిగో, ఇప్పుడు మా పిల్ల," అంది నాయనమ్మ.

కళ్ళజోడావిడ ఫోన్ దించింది. "అరెరే. ఇందాక చక్కగా కూర్చుందే? ఇంతలో ఏమైంది?"

అలవాటు కొద్దీ పిన్ని చెయ్యి రింగు మీదికి వెళ్ళింది. బొటనవేలు రింగుని సగం విప్పింది కూడా. తీసేస్తుందనే అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నా అనుమానాలన్నీ ఉత్తవైపోతే బాగుండుననుకున్నాను. చెయ్యి ఆగిపోయింది. రింగు టక్కున మళ్ళీ పడింది.

పిన్ని ఆ రోజు మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఏం చెప్పావు దానికి?"

"వెళ్ళనని చెప్పాను."

నా గొంతు గది చివరిదాకా వినపడింది. నాకే ఆశ్చర్యం వేసింది.

"ఎక్కడికి వెళ్ళనని?" అని కళ్ళజోడావిడ అడిగింది. పిన్నిని చూసింది, బాబాయిని చూసింది. బాబాయి "ఏమోయ్..." అని ఏదో అనబోయి, పిన్ని చూపు తగిలి మింగేశాడు. తలుపు పక్కన సంచి అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆవిడకీ కనిపించింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఏం లేదండీ. దానికి అక్కంటే ప్రాణం. అక్క ఎదురుగా ఉంటే ధ్యాస అటు పోతుంది," అంది పిన్ని నవ్వుతూ. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మెత్తగానే ఉంది. "నువ్వు కాసేపు అవతల ఉండు, అమ్మడూ. ఇంకొక్కసారి చదువుదాం."

మెత్తగానే నన్ను గుమ్మం వైపు నడిపించింది. వెనక కర్టెన్ తిరగడం ఆగిపోయింది.

గుమ్మం దాటి నేను వెనక్కి తిరిగాను. బొంగరం కర్టెన్‌లోంచి బయటికి వచ్చి నన్ను చూస్తోంది, నా భుజం మీదున్న వాళ్ళమ్మ చేతిని చూస్తోంది. వెళ్ళడం లేదే, ఇక్కడే ఉన్నా అని చెబుదామనుకున్నాను. అప్పటికే అది నడిచి వెళ్ళి ఎర్ర కుర్చీ ఎక్కింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"కూర్చున్నానమ్మా," అంది. "చూడమ్మా, కూర్చున్నాను."

కళ్ళజోడావిడ మళ్ళీ ఫోన్ ఎత్తింది. పిన్ని తలుపు మూసింది.